ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు

పదకొండేళ్ళ పాటు రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఒక డిస్కును సంచిలో వేసుకుని బస్సెక్కాను. మూడు గంటల పది నిమిషాలకి ఊరి ఆ చివర మా స్లైడ్ల గోదాము దగ్గర దిగేవాణ్ణి. గోదాములో కౌంటరు వెనక మా బామ్మర్ది ఉండేవాడు. నా భార్యకి ఒక్కడే తమ్ముడు. నేను డిస్కు కౌంటరు మీద పెట్టేవాణ్ణి. అతను సీలు నంబరు చూసి రిజిస్టరులో ఎక్కించేవాడు. ‘ఇచ్చినవారు’ అన్న గడిలో నేను సంతకం పెట్టేవాణ్ణి. ‘పుచ్చుకున్నవారు’ అన్న గడిలో అతను పెట్టేవాడు. వారం కిందటి డిస్కు నాకు తిరిగి ఇచ్చేవాడు. అది సంచిలో వేసుకుని వచ్చేసేవాణ్ణి.

మొదటి ఏడేళ్ళు మాట్లాడుకునేవాళ్ళం. నా భార్య పోయాక, చివరి నాలుగేళ్ళు ఒక్క మాట లేదు. నేను మానేశాను. అతను కొన్నాళ్ళు ప్రయత్నించి మానుకున్నాడు. అయినా నేను తలుపు తోసేసరికి తలెత్తి చూసేవాడు. నా కోసం తలెత్తి చూసే మనిషి రోజు మొత్తంలో అతనొక్కడే. ఆ ముక్క నాకు తెలుసు. తెలుసని ఎవరికీ చెప్పలేదు.

మాది రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్ష చేసే లాబొరేటరీ. ముక్కను మైనంలో దిమ్మగా పోస్తారు. దాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు వేసి, గాజు స్లైడు మీద పెడతారు. డాక్టర్లు చూసి రిపోర్టు రాస్తారు. రిపోర్టు నా సర్వరులోకి వస్తుంది. దిమ్మా, స్లైడూ గోదాముకి పోతాయి. ఇరవయ్యేళ్ళు దాచాలని నియమం. లాబొరేటరీ తగలబడినా రిపోర్టులు బతకాలి కాబట్టి వాటి నకలు రోజూ గోదాముకి చేరాలి. ఆ నకలే నేను మోసిన డిస్కు.

నేను చదివింది ఊరి బడి. ఇంగ్లీషు అక్షరాలు ఆరో తరగతిలో దిద్దాను. ఇక్కడ రిపోర్టులు టైపు చేయడానికి చేరి, చూసి చూసి సర్వరు పని నేర్చుకున్నాను. ఆ బళ్ళో మేష్టారు ఏది చెప్పినా గట్టిగా ఒప్పజెప్పమనేవాడు. తప్పు పోతే మళ్ళీ మొదట్నుంచి. నేను ఇప్పటికీ అలాగే పని చేస్తాను. అందుకే నాతో పని చేసేవాళ్ళు ఎవరూ ఎక్కువకాలం ఉండరు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఒకరోజు నన్ను పిలిచింది.

“ఏంటి సార్ ఇది? రెండు లక్షల మంది రిపోర్టులు సంచిలో వేసుకుని బస్సులో వెళ్తున్నారా?”

“సీలు ఉంటుందమ్మా.”

“సీలు చూసి దొంగ దండం పెట్టి వెళ్ళిపోతాడా?”

“లోపల తాళం కూడా ఉంది. పాస్‌వర్డు లేకుండా తెరిస్తే పిచ్చిగీతలు తప్ప ఏం కనపడవు.”

“బస్సులో మర్చిపోతే?”

“పదకొండేళ్ళలో మర్చిపోలేదు.”

“జ్వరం వస్తే?”

“రాలేదు.”

ఆమె నవ్వింది. “జ్వరానిక్కూడా మీరంటే భయం కాబోలు. సరే, నెల రోజులు టైము. గోదాములో ఒక మిషను పెడదాం. ఇక్కణ్ణుంచి అక్కడికి మనిషితో పని లేకుండా దానంతటదే పోవాలి. మీకీ వయసులో ఈ బస్సుల బాధ తప్పుతుంది.”

ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. నిజానికి ఆ పని నేను నాలుగేళ్ళ కిందటే చేయగలిగేవాణ్ణి. చేయలేదు. ఎందుకు చేయలేదని ఆమె అడగలేదు.

నా భార్య రిపోర్టు కూడా ఆ డిస్కులో ఉంది.

ఎవరి రిపోర్టూ నేను తెరవను. నా ఉద్యోగం పెట్టెలు కాయడం, లోపల ఏముందో చూడటం కాదు. ఆమె బయటి డాక్టరు దగ్గరకి తనంతట తనే వెళ్ళింది. ముక్క మా లాబొరేటరీకే వచ్చింది. దిమ్మ గోదాముకి పోయింది. చీటీ మీద అక్క పేరు చూసి తమ్ముడు గుర్తుపట్టాడు. వెళ్ళి అడిగాడు. ఆమె నాకు చెప్పొద్దంది. అతను చెప్పలేదు.

ఆమె పోయాక రిపోర్టు కాగితం చూశాను. దాని మీద తేదీకీ, నాకు తెలిసిన తేదీకీ మధ్య అరవై ఎనిమిది రోజులు. ఆదివారాలు తీసేస్తే యాభై ఎనిమిది. యాభై ఎనిమిది సార్లు ఆ రిపోర్టును నేనే సంచిలో వేసుకుని మోశాను. యాభై ఎనిమిది సార్లు అతని చేతికిచ్చాను. అతను సంతకం పెడుతూ ప్రతిసారీ, “అక్క ఎలా ఉంది బావా?” అని అడిగాడు.

“బాగానే ఉంది,” అని నేను చెప్పాను.

తెలిసిన ఐదు నెలలకి ఆమె పోయింది. కర్మకాండ అయిన మర్నాటి నుంచి అతనితో మాటల్లేవు.

గోదాముకి కొత్త మిషను వ్యానులో పంపాను. దానితో ఒక కాగితం పంపాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఏ మీట నొక్కాలో, తెరమీద ఏం కొట్టాలో వరసగా రాశాను. అడుగున ‘ఇది తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు’ అని రాసి గీత గీశాను.

పని పెద్దదేమీ కాదు. తాళమూ తాళంచెవీ తయారుచేయాలి. తాళంచెవి నా సర్వరులో ఉంటుంది, తాళం అక్కడి మిషనుకి వేస్తాం. నా సర్వరు తప్ప ఇంకెవరూ ఆ తలుపు తీయలేరు. తీసినా ఒకే ఒక్క అరలో సామాను దించి వచ్చేయాలి, గదులు తిరగడానికి లేదు. దారిలో ఎవరు చెవి పెట్టి విన్నా వాళ్ళకి గోల తప్ప మాట వినపడదు. ఇదంతా రెండు రోజుల్లో అయింది.

మిగిలింది మొదటి పలకరింపు. అవతలి మిషనును మొదటిసారి పిలిచినప్పుడు ఇవతలిది ఒక ప్రశ్న వేస్తుంది. ఈ మిషను నాకు తెలియదు, దీని వేలిముద్ర ఇదీ, నమ్మమంటావా అని. వేలిముద్ర అంటే నలభై మూడు అక్షరాల వరస. మధ్యలో ఎవడైనా దొంగ కూర్చుని ‘నేనే గోదామును’ అని పలికితే వాడి వేలిముద్ర వేరుగా ఉంటుంది. కాబట్టి అవతల మిషను ముందు కూర్చున్న మనిషి తన తెర మీద ఉన్నది చదవాలి. ఇవతలి మనిషి తన తెర మీద ఉన్నదానితో సరిచూసుకోవాలి.

నూటికి తొంభై తొమ్మిది మంది ఆ పని చేయరు. తీగలు లాగడానికి వచ్చిన కాంట్రాక్టరు నా భుజం మీంచి చూశాడు.

“అవునని కొట్టేయండి సార్. మధ్యలో ఎవడొస్తాడు?”

“నీకు తెలియకుండా రావడమే వాడి పని.”

“ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ చూళ్ళేదు. ఏమైంది నాకు?”

“ఏమైందో నీకెలా తెలుస్తుంది, చూళ్ళేదుగా.”

అతను మొహం ముడుచుకుని నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు. గదిలో నేనూ, ప్రశ్నా మిగిలాం. ఫోను తీశాను. పెట్టేశాను. మళ్ళీ తీశాను.

“హలో, గోదాము.”

“నేను.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“బావా?”

“కాగితంలో ఐదో వరస కొట్టావా?”

“కొట్టాను. ఏమైంది బావా, ఒంట్లో బాగానే...”

“తెరమీద అక్షరాల వరస వచ్చిందా? అది చదువు. పెద్దక్షరమైతే పెద్దది అను, చిన్నదైతే చిన్నది అను.”

గొంతు సవరించుకున్నాడు. “పెద్ద క్యూ. చిన్న టీ. ఏడు. చిన్న ఆర్. పెద్ద జెడ్. తర్వాత... నిలువుగా ఒకటుంది.”

“చిన్న ఎల్లా, ఒకటి అంకెనా?”

“నిలువుగా ఉంది బావా.”

“రెండూ నిలువే. సరిగ్గా చూడు.”

“తల మీద వంకరుంది. టోపీ జారినట్టు.”

“ఒకటి అంకె. తర్వాత?”

“చిన్న ఎం. పెద్ద బీ. తొమ్మిది. భోంచేశావా బావా?”

“తర్వాతి అక్షరం.”

“పెద్ద డబ్ల్యూ.”

అలా చివరిదాకా చదివాడు. నేను పెన్సిలుతో ఒక్కొక్కదాని కింద చుక్క పెట్టాను.

“నలభై రెండే వచ్చాయి. ఒకటి మింగావు.”

“కావాలని కాదు బావా. కళ్ళజోడు పాతది, గీత పడి...”

“నీకు అలవాటే.”

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. అతను ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

“మొదట్నుంచి చదవనా?” అన్నాడు.

“చదువు.”

ఈసారి నెమ్మదిగా, పిల్లవాడు పాఠం ఒప్పజెప్పినట్టు చదివాడు. నలభై మూడూ కుదిరాయి. నేను అవునని కొట్టాను. నా సర్వరు ఆ మిషనును గుర్తుపెట్టుకుంది. ఇక ఎప్పుడూ అడగదు.

“కుదిరింది,” అని ఫోను పెట్టేశాను. గడియారం చూశాను. పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం.

రోజూ నకలు పంపడానికి సర్వరుకి వరసగా ఆజ్ఞలు రాసిపెట్టాలి, దాన్నే స్క్రిప్టు అంటారు. అది రాసేటప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను. రెండు వైపులా అచ్చం ఒకేలా ఉండాలి. ఇక్కడ ఉన్నదే అక్కడ ఉండాలి. ఇక్కడ లేనిది అక్కడ ఉండకూడదు, ఉంటే చెరిగిపోవాలి. గోదాము మిషనులో చోటు తక్కువ కాబట్టి అని కాగితం మీద కారణం రాశాను. చోటు తక్కువేమీ కాదు. నా దగ్గర లేనిది అతని దగ్గర ఇంకెప్పుడూ ఒక్కటి కూడా ఉండకూడదు. అదీ కారణం.

పాత డిస్కులు ఏడూ వెనక్కి పంపమని కబురు చేశాను. ఆరు వచ్చాయి. పైన చీటీ ఉంది. ‘ఒకటి పాడైనది. పారవేయడమైనది.’ కింద అతని సంతకం. నలభై మూడు అక్షరాలను రెండుసార్లు చదివించినవాణ్ణి ఆ చీటీని మాత్రం ఒక్కసారి చదివి ఫైల్లో పెట్టాను.

స్క్రిప్టు రోజుకు ఒకసారి నడవాలి. ఏ వేళకి నడవాలన్నది నా ఇష్టం. మూడు గంటల పది నిమిషాలు అని పెట్టాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆ పని ఉద్దేశం.

సంచి సర్వరు గది తలుపు వెనక మేకుకి వేలాడింది. మధ్యాహ్నం రెండున్నరకి కాళ్ళు వాటంతట అవే లేచేవి. కూర్చోబెట్టేవాణ్ణి. మూడూ ఇరవై అయిదుకి స్క్రిప్టు నాకో ఉత్తరం పంపేది. ‘పంపినవి 61. అందినవి 61. తేడా 0.’ నాకు రోజూ వచ్చే ఉత్తరం అదొక్కటే. నేనే రాసి నాకే పంపుకునే ఉత్తరం. చదివి, కింద టిక్కు పెట్టి, ఫైల్లో గుచ్చేవాణ్ణి.

సాయంత్రం ఇంటికి పోతే రెండు గదులు. ఒక గదిలో ఉంటాను. రెండో గది తలుపు ఆదివారం తీసి, తుడిచి, మూస్తాను. పొయ్యి మీద ఒక పూటకి వండి రెండు పూటలు తింటాను. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా నా గొంతు నేను వినని వారాలున్నాయి. బడాయికి చెప్పడం లేదు. సోమవారం మేనేజరమ్మ గుడ్ మార్నింగ్ అంటే గొంతులోంచి మాటకి బదులు దగ్గు వచ్చేది.

ఒక గురువారం సెలవు పెట్టాను. పని ఏమీ లేదు. రెండున్నరకి బస్సెక్కాను. గోదాము స్టాపులో దిగలేదు. కిటికీలోంచి చూశాను. కౌంటరు మీద లైటు వెలుగుతోంది. అతను తల వంచుకుని ఏదో రాస్తున్నాడు. టైము మూడుంబావు. ఆ వేళకి అతనికి రాయడానికి ఏముంటుంది అనుకున్నాను. బస్సు కదిలింది. చివరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చాను.

ఆ శనివారం కరెంటు పనివాళ్ళు వచ్చారు. బిల్డింగుకి కొత్త స్విచ్చి బోర్డు బిగించారు. ఒంటిగంటకి కరెంటు ఇచ్చారు. ఏం బిగించారో ఎలా బిగించారో, సర్వరు గదిలో టప్ మని శబ్దం, వెంటనే కాలిన రబ్బరు వాసన. రిపోర్టులన్నీ ఉండే డిస్కుల పెట్టె ఆరిపోయింది. నేను రోజూ తీసే నకలు కూడా ఆ పెట్టెలోనే వేరే అరలో ఉంటుంది. రెండూ పోయాయి.

మేనేజరమ్మ పరుగెత్తుకొచ్చింది.

“సోమవారం ఆపరేషన్ ఉన్నావిడ పాత రిపోర్టు కావాలని డాక్టరుగారు కూర్చున్నారు. ఎంతసేపు పడుతుంది?”

“పెట్టె మార్చాలి. ఆ తర్వాత గోదాము నుంచి నకలు వెనక్కి తెస్తాను.”

“అది ఉందిగా?”

“ఉందమ్మా.”

“హమ్మయ్య. అందుకే కదా మీ వెంట పడి చేయించింది.”

పెట్టె విప్పడం మొదలుపెట్టాను. సర్వరు మాత్రం దాని సొంత డిస్కు మీద మళ్ళీ లేచింది. రిపోర్టుల నకలు ఉండాల్సిన చోట పేరు మాత్రం ఉంది, లోపల ఏమీ లేదు. మూడు గంటల పది నిమిషాలైంది. నేను స్క్రూలు విప్పుతున్నాను. నా స్క్రిప్టు లేచింది. తనకి చెప్పిన పని చేసింది. ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అక్కడ ఉన్నదంతా చెరిపింది.

నాలుగింటికి గోదాము మిషనులోకి తొంగిచూశాను. ఖాళీ. వచ్చిన ఉత్తరం తెరిచాను. ‘పంపినవి 0. అందినవి 0. తేడా 0.’

పదకొండేళ్ళ రిపోర్టులు. రెండు లక్షల మంది. వాళ్ళలో ఒక మనిషి. స్క్రూలు నా దోసిట్లో ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టి, లెక్కపెట్టాను. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆ తర్వాత ఫోను తీశాను.

“హలో, గోదాము.”

“మిషను దగ్గరకెళ్ళి చూడు. అరలో ఏమైనా ఉందా?”

“ఖాళీయే బావా. మూడుంబావు నుంచీ ఖాళీయే.”

“చూసి ఊరుకున్నావా?”

“నువ్వే ఖాళీ చేశావేమో అనుకున్నా. ముట్టుకోవద్దని గీత గీసి మరీ రాశావుగా.” ఆగాడు. “ఎందుకు, పోయాయా?”

బల్ల మీది స్క్రూలను వరసగా పేర్చాను.

“బావా, కోప్పడకు. నిన్నటిది నా దగ్గరుంది.”

మేనేజరమ్మ కారులో దింపింది. దారిపొడుగునా ఏదో అడుగుతూనే ఉంది. ఏం చెప్పానో గుర్తులేదు. గోదాము ముందు ఆమె కారులోనే ఆగింది. నేను తలుపు తోశాను. అతను తలెత్తి చూశాడు.

డిస్కు కౌంటరు మీద ఉంది. సీలు వేసి ఉంది.

“పాడైందన్నావు.”

“అన్నాను.”

“అబద్ధం.”

“అబద్ధమే బావా.” కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎడమ అద్దం మీద నిజంగానే గీత ఉంది. “పదకొండేళ్ళు మూడింటికి డిస్కు పుచ్చుకున్న చెయ్యి. ఒక్కసారిగా ఊరికే ఉండమంటే ఉండదుగా. నువ్వు పంపింది రాగానే దీంట్లోకి లాగి, సీలు వేసి, నంబరు ఎక్కించి బీరువాలో పెట్టేవాణ్ణి. ఇవాళ చూస్తే ఖాళీ వచ్చింది. ఖాళీని ఎక్కించడం ఎందుకని వదిలేశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఆపమనేవాడివి.”

“ఆపమనేవాణ్ణే.”

స్లైడ్ల గదిని చల్లగా ఉంచే మిషను గోడ అవతల గుర్రుమంటోంది.

“అప్పుడూ అంతేనా?” అన్నాను.

ఏ అప్పుడని అతను అడగలేదు.

“అప్పుడు అక్క ఒట్టేయించుకుంది. ఆయనకి తెలిసిన రోజు నుంచి ఇల్లు ఆస్పత్రి అయిపోతుందిరా, కొన్నాళ్ళు ఇల్లుగా ఉండనీ అంది.”

“నేను డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళేవాణ్ణి.”

“నేను తీసుకెళ్ళాను బావా. మందులూ తెచ్చిచ్చాను. బియ్యం డబ్బాలో దాచుకునేది. నువ్వు ఆ డబ్బా మూత తీయవు కదా అనేది.”

నేను ఆ రోజుల్లో బియ్యం డబ్బా మూత తీసింది లేదు. ఇప్పుడు రోజూ తీస్తాను.

“ఆ అరవై ఎనిమిది రోజులు నావి,” అన్నాను. “నువ్వు ఉంచుకున్నావు.”

“ఉంచుకోలేదు, మోశాను. దించుకోడానికి చోటు లేక మోశాను.” గొంతు పెంచలేదు. “రోజూ మూడుంపదికి నువ్వు వచ్చి నా ఎదురుగా నిలబడేవాడివి. అక్క ఎలా ఉందని ఎందుకు అడిగేవాణ్ణనుకున్నావు? ఒక్కసారైనా నువ్వు ‘ఏమో, నీరసంగా ఉంటోంది’ అంటావేమోనని. అంటే చెప్పేద్దామని. బాగానే ఉంది అనేవాడివి.”

డిస్కు తీసుకున్నాను.

“ఆగు. రాయాలి,” అన్నాడు.

రిజిస్టరు నా వైపు తిప్పాడు. నాలుగు నెలల పేజీలు. రోజుకో వరస. తేదీ, టైము, సీలు నంబరు. ప్రతి వరసలో టైము మూడుంపదే. ‘పుచ్చుకున్నవారు’ గడిలో అతని సంతకం. ‘ఇచ్చినవారు’ గడి ప్రతి వరసలోనూ ఖాళీ. వేలితో తడుముతూ లెక్కపెట్టాను. నూట మూడు ఖాళీలు.

“ఎలాగూ వచ్చావు. సంతకాలు పెట్టేయ్ బావా. చూడ్డానికి పళ్ళూడిన నోరులా ఉంది పేజీ.”

“నేను ఇవ్వలేదు. ఇవ్వనిదానికి పెట్టను.”

“అదీ నిజమే,” అన్నాడు.

కొత్త వరస మొదలుపెట్టాడు. తేదీ, టైము, సీలు నంబరు రాశాడు. ఈసారి ‘ఇచ్చినవారు’ గడిలో తను సంతకం పెట్టాడు. పెన్ను నాకిచ్చాడు. ‘పుచ్చుకున్నవారు’ గడిలో నా సంతకం పడటం అదే మొదటిసారి. చెయ్యి అలవాటుగా ఎడమ గడి మీదకి పోబోయింది, సరిచేసుకున్నాను. గడి చాల్లేదు. చివరి గీత బయటికి పోయింది.

రిపోర్టులు తిరిగి ఎక్కించడం ఆదివారం మధ్యాహ్నానికి ముగిసింది. శుక్రవారం మూడుంపది దాటాకా, శనివారం పొద్దునా రాసినవి నలభై ఒకటి మాత్రం పోయాయి. వాటి స్లైడ్లు పక్కగదిలోనే ఉన్నాయి కాబట్టి డాక్టర్లు మళ్ళీ చూసి రాశారు. ఆపరేషన్ ఉన్నావిడ రిపోర్టు సాయంత్రంలోపే చేరింది. నేను వరసగా అన్నీ లెక్క చూశాను. ఒక నంబరు నాకు నోటికి వచ్చు. అది ఉందో లేదో చూశాను. ఉంది. తెరవలేదు.

సోమవారం, జరిగినదాని మీద రిపోర్టు రాసి మేనేజరమ్మకి ఇచ్చాను. ‘తప్పు ఎవరిది’ అన్నచోట ‘నాది’ అని రాశాను.

ఆమె చదివి పెన్ను తీసింది. “సాంకేతిక కారణం అని మార్చండి సార్. పైవాళ్ళు చూస్తారు.”

“చూడనివ్వండి.”

“కరెంటువాళ్ళ తప్పు కదా?”

“కాల్చింది వాళ్ళు. చెరిపింది నేను. అక్కడున్నది చెరిగిపోవాలని ఆ వరస నేను కావాలని రాశాను.”

“కావాలనా? ఎందుకు?”

“అది రిపోర్టులో రాసే విషయం కాదమ్మా.”

ఆమె పెన్ను పక్కన పెట్టి, కాగితాన్ని అలాగే ఫైల్లో పెట్టింది.

స్క్రిప్టు మార్చాను. ఇక్కడ ఖాళీగా ఉంటే కదలకుండా ఆగి నన్ను పిలుస్తుంది. అక్కడ ఉన్నది ఏదీ చెరపదు. దాని కింద ఇంకో నియమం చేర్చాను. ఏ తీగకీ తగిలించి ఉండని నకలు ఒకటి వారానికోసారి చేతితో గోదాముకి చేరాలి. మేనేజరమ్మ ఒప్పుకుంది, వ్యానులో పంపుదామంది.

“నేను తీసుకెళ్తాను.”

“మళ్ళీ బస్సా?”

“మళ్ళీ బస్సే.”

ఆ బియ్యం డబ్బా సంగతికి నేను అతన్ని క్షమించలేదు. క్షమిస్తానని కూడా ఇక్కడ రాయను. ఆ రోజులు నావి. తెచ్చివ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

బుధవారం రెండున్నరకి మేకు మీంచి సంచి తీశాను. దుమ్ము దులిపాను. మూడుంపదికి తలుపు తోశాను. అతను తలెత్తి చూశాడు. ముక్కు మీద కొత్త కళ్ళజోడు.

“భోంచేశావా బావా?”

“లేదు.”

ఆ జవాబుకి అతను సిద్ధంగా లేడు. లేచి, అటూ ఇటూ చూసి, మూలనున్న కుర్చీ లాగి కౌంటరు ఇవతలికి జరిపాడు. నేను కూర్చోలేదు. డిస్కు తీసి అతని ముందు పెట్టాను.

“సీలు నంబరు చదువు.”

“చూస్తున్నాగా, రాస్తాను.”

“గట్టిగా చదువు. ఒక్కొక్కటి.”

ఇంతకుముందు నోటితో చదవాలన్న నియమం లేదు. ఈ వారం నుంచి ఉంది. నేనే రాశాను.

అతను డిస్కును వెలుతురు వైపు తిప్పి, పెద్ద కే, నాలుగు, చిన్న ఎన్ అని మొదలుపెట్టాడు. నేను పెన్సిలుతో ఒక్కొక్కదాని కింద చుక్క పెట్టాను.